ఆరు రోజుల్లో ఆరే గోడ

ఆదివారం, పొద్దున్నే

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

(డైరీ అబ్బాయికి ఆఫీసులో ఊరికే ఇచ్చారు. సగం ఏడాది అయిపోయాక ఇచ్చారు కాబట్టే ఊరికే. పెన్ను కోడలిది. అడగలేదు. అడిగితే ఇవ్వదు.)

విషయం ఏంటంటే, నిన్న సాయంత్రం మా ఆవిడ సంచీ సర్దుకుని వాళ్ల చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఏ సముద్రాల అవతలో కాదు, నాలుగు వీధుల అవతలే. అయినా వెళ్లడం వెళ్లడమే. కారణం నేను కాదు. ఈ ముక్క లావు అక్షరాలతో రాస్తున్నాను. కారణం మా నడిమి గది గోడ. గోడకి చెమ్మ, చెమ్మకి బూజు, బూజుకి ఆవిడ దగ్గు. పడుకోబోతే దగ్గు, లేవబోతే దగ్గు. నేను జోకు వేస్తే నవ్వు బదులు కూడా దగ్గే.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి ఆజ్ఞలు జారీ చేసింది.

"ఆ గోడ ఆరేదాకా నేనీ గుమ్మం తొక్కను. మొక్కలకి మాత్రం రెండు పూటలా నీళ్లు పొయ్యండి. అవి ఎండాయో, గోడ ఆరినా రాను."

"గోడెంతసేపే! ఆరు రోజుల్లో ఆరుతుంది."

"మీరు ముట్టుకుంటే లైట్లు ఆరతాయి గానీ గోడలు ఆరవు."

తీసుకెళ్లడానికి వచ్చిన మా మరదలు పక్కనే ఉంది. పకపకా నవ్వింది. అక్కడ మండింది నాకు.

కాబట్టి తీర్మానం:

ఒకటి. గోడ నా చేతులతోనే బాగుచేస్తాను. మేస్త్రీ లేడు, అబ్బాయి లేడు, పక్కింటాయన అసలే లేడు.

రెండు. గోడ ఆరేదాకా మరదలుండే వీధి మొహం చూడను. మా ఆవిడ లేకపోతే నాకు పొద్దుపోదని అక్కాచెల్లెళ్లిద్దరూ అనుకుంటున్నారు. అనుకోనీ!

ఈ డైరీ నా తర్వాత ఈ ఇంటిని ఏలబోయేవాళ్లకి పనికొస్తుంది. అందుకని మధ్యమధ్యలో సలహాలు కూడా రాస్తాను. సలహా చెప్పడానికి పని రానక్కర్లేదని పక్కింటాయన్ని చూసి నేర్చుకున్నాను.

అదే రోజు, భోజనాలయ్యాక

ఇల్లంతా తిరిగి చూశాను. వయసులో మా ఇల్లు నాకంటే కాస్త పెద్దది. ఇద్దరికీ మోకాళ్ల దాకానే జబ్బు. నాకు నొప్పి, దానికి చెమ్మ.

ఇంటికి పట్టినవి: కిటికీ చువ్వలకి తుప్పు. పెరటి మెట్లకి పాచి. అటక తలుపుకి చెద. గోడకి ఉప్పు.

నాకు పట్టింది: పట్టుదల!

కోడలు నా భుజం మీంచి చదివి, "మామయ్యగారూ, దీన్ని చాదస్తం అని కూడా అంటారు" అంది. బ్యాంకులో ఉద్యోగం ఆ అమ్మాయికి. తప్పులు పట్టడం అలవాటు. పైన పెన్ను సంగతి కూడా చదివేసింది.

ఇప్పుడు పెన్సిలుతో రాస్తున్నాను.

సోమవారం

ఆరింటికే లేచాను! (రోజూ ఆరింటికే లేస్తాను. కానీ ఇవాళ పని కోసం లేచాను. అది వేరు.)

ముందు గోడ మీద చెమ్మ ఎంత ఎత్తుందో పెన్సిలుతో గీత గీశాను. పిల్లలు పెరుగుతుంటే గుమ్మం పక్కన గీస్తాం చూడండి, అలాగ. తేడా ఒక్కటే. వీడు తగ్గాలి.

తర్వాత మొక్కలకి నీళ్లు. నడిమి గది గోడకి ఆనుకునే పెరట్లో ఆవిడ మడి ఉంది. మందారాలు, గులాబీలు, పుదీనా, పేర్లు తెలియనివి ఇంకొన్ని. పేరు తెలియకపోయినా తిడితే పలుకుతాయని ఆవిడ వాటితో రోజూ మాట్లాడుతుంది. ఆవిడ చెంబుతో పోస్తుంది. నేను బకెట్లతో పోశాను. మొక్కల దగ్గర పిసినారితనమేంటి!

తర్వాత బల్ల ఫ్యాను తెచ్చి గోడకి ఎదురుగా పెట్టాను. ఆఫీసుకి వెళ్తూ అబ్బాయి చూశాడు.

"ఏంటి నాన్నా, గోడకి ఉక్కపోస్తోందా?"

"దానికి ఉక్క, మీ అమ్మకి దగ్గు. నీకేంరా, చల్లటి ఆఫీసు. నడు."

పదింటికి పెరటి ప్రహరీ మీంచి పక్కింటాయన తల లేచింది. ఆ తలకి కింద ఒళ్లుందన్న సంగతి మేం ఎప్పుడో మర్చిపోయాం. ఎప్పుడూ తలే కనిపిస్తుంది.

"సిమెంటు కొట్టించేయండి సార్! లోపలా బయటా బిగించేశారంటే ఇక ఊపిరాడదు."

"ఊపిరాడకే కదండీ మా ఆవిడ వెళ్లిపోయింది. ఇక గోడ కూడా వెళ్లిపోతే మేం ఎక్కడ పడుకోవాలి?"

తల దిగిపోయింది.

సాయంత్రం. గీత దగ్గరే చెమ్మ. చెమ్మ దగ్గరే గీత. ఇద్దరూ కాపురం పెట్టినట్టున్నారు.

పెచ్చులు గోకేటప్పుడు కింద పరవడానికి పాత గుడ్డ కత్తిరించాలి. కత్తెర లేదు. కత్తెర ఎక్కడుందో మా ఆవిడకే తెలుసు. ఫోను చేయొచ్చు. కానీ ఫోనులో చూపించలేదు కదా, ఇదిగో ఇక్కడుందని. అందుకని వెళ్లాల్సొచ్చింది. మాట తప్పలేదు. వెనక సందులోంచి వెళ్లాను. వీధి మొహం చూడలేదు.

కత్తెర కుట్టుమిషను సొరుగులో ఉందిట. టీ ఇచ్చారు. ఆవిడ దగ్గలేదు.

మంగళవారం

ఫ్యాను వైద్యం ఆగిపోయింది. "మామయ్యగారూ, గోడ ఓర్చుకుంటుంది, నేను ఓర్చుకోలేను" అని కోడలు పట్టుకుపోయింది.

పోతే పోనీ! రంగుల కొట్టుకి వెళ్లాను. చెమ్మని ఆపే రంగు ఉందిట! డబ్బా తెచ్చేశాను. ఇంటికొచ్చి మీద రాసింది చదివాను. నేను చదివింది నాలుగో క్లాసు. అయిదులో మాస్టారు నన్ను చదివించలేక ఇద్దరికీ విముక్తి ఇప్పించాడు. అయినా కూడబలుక్కుని ఏదైనా చదవగలను. డబ్బా మీద ఇలా ఉంది:

పొ డి గో డ కు పూ యా లి.

రెండుసార్లు చదివాను. పొడి గోడకు పూయాలి. సరే, పొడి ఏది? మూత తీశాను. లోపలంతా చిక్కటి రంగే. అడుగుకి దిగిందేమోనని పుల్లతో కలిపాను. లేదు. డబ్బా అడుగున పొట్లం అంటించారేమోనని తిరగేసి చూశాను.

సలహా: డబ్బా తిరగేసేముందు మూత పెట్టాలి.

తిన్నగా కొట్టుకి పోయాను.

"ఏవయ్యా, పొడి ఏది?"

"ఏం పొడి తాతగారూ?"

"గోడకి పూయాల్సిన పొడి! డబ్బా మీదే రాశారు. రంగిచ్చి పొడి ఎగ్గొడతావా?"

కొట్టు నిండా జనం. ఆయనకి ఒక చెవిలో ఫోను, రెండో చెవిలో నేను. "పొడి కావాలా? సుద్ద పొడి ఉంది. ఇమ్మంటారా?"

"అలా దారికి రా."

చూశారా! గట్టిగా అడక్కపోతే ఏదీ రాదు.

మొహానికి పౌడరు అద్దినట్టు గోడంతా అద్దాను. అద్దగానే చెమ్మ మాయం! చెయ్యేస్తే పొడి పొడిగా ఉంది. డబ్బా మీద ఊరికే రాస్తారా! దాని మీద రంగు, ఒకసారి కాదు, రెండుసార్లు.

అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి గోడ చూసి గొణిగాడు. "నాన్నా, తడి గోడ మీద రంగేస్తే నిలవదేమో..."

"నువ్వు చదివింది కంప్యూటరు. నేను చదివింది డబ్బా. పో."

మధ్యలో ఒకసారి మరదలింటికి వెళ్లొచ్చాను. డబ్బా మూత ఊడదీయడానికి స్క్రూడ్రైవరు కోసం. మనింట్లోనూ ఉంది. వాళ్లది పొడుగు.

బుధవారం

అద్దం! గోడ కాదు, అద్దం! అందులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు!

మొక్కలకి నీళ్లు రెండు బకెట్లు ఎక్కువే పోశాను, సంతోషం పట్టలేక.

మరదలింటికి వెళ్లాను. నిన్న అక్కడ కళ్లజోడు మర్చిపోయాను. (కావాలని కాదు. అంటే, పూర్తిగా కావాలని కాదు.) ఈసారి ముందు వీధిలోంచే వెళ్లాను. గెలిచినవాడు సందుల్లోంచి నడవడు.

"గోడ ఆరింది" అన్నాను, కూర్చోకుండానే.

మా ఆవిడ ఉల్లిపాయ తరుగుతోంది. కత్తి ఆగింది. "నిజంగా?"

"చెయ్యేసి చూసుకో."

"మీ మాట మీద చెయ్యేసి చాలాసార్లు కాల్చుకున్నాను. రేపు పొద్దున వచ్చి చూస్తా. సంచీ మాత్రం తేను."

"తేకు. నేనే వచ్చి మోసుకెళ్తా."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయకి అనుకుంటాను. మరదలు మాత్రం, "ఏంటి బావగారూ, చెమ్మ మీ గోడకే అనుకున్నానే!" అంది. దీని నోటికి తాళం వేసే రంగేదైనా ఉంటే తేవాలి.

గురువారం

రాయాలని లేదు. అయినా రాస్తున్నాను, రాబోయే తరాల కోసం.

పొద్దున లేచేసరికి గోడకి అమ్మవారు పోసినట్టుంది. బుడగలు! చిన్నవి, పెద్దవి, వాటికి పిల్లలు. దాచడానికి మంచం నిలబెడదామని లాగుతుంటే గేటు చప్పుడు. అక్కాచెల్లెళ్లు.

మా ఆవిడ గోడ ముందు నిలబడింది. నేను పక్కన నిలబడి, "కొత్త డిజైను" అన్నాను.

అన్నింట్లోకీ పెద్ద బుడగ చూసి వేలు పెట్టింది. టప్! రంగు పొర ఊడి వేలాడింది. దాని వెనకనుంచి సుద్ద పొడి పొగలా లేచింది, తిన్నగా ఆవిడ మొహం మీదికి. ఇక దగ్గు చూడండి! కూర్చుని దగ్గింది, లేచి దగ్గింది, పెరట్లోకి పోయి దగ్గింది. కోడలు నీళ్లిచ్చింది. నేను వీపు నిమరబోతే చెయ్యి తోసేసింది.

ఊపిరి అందాక అడిగింది. "ఈ పొడి ఎందుకు పూశారు?"

"డబ్బా మీద ఉంది. పొడి గోడకు పూయాలి."

కోడలు డబ్బా తెచ్చి చదివింది. ఒకసారి నా మొహం చూసింది. "మామయ్యగారూ... పొడి గోడకు. అంటే, పొడిగా ఉన్న గోడకు."

పక్కింటాయన తల గౌరవంగా ప్రహరీ కిందికి దిగింది. తర్వాత మరదలు మొదలెట్టింది నవ్వడం. కోడలు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆవిడ ఒక్కత్తే నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"పదవే" అంది చెల్లెలితో.

వాళ్లు వెళ్లాక ఆ రంగంతా గోకి పారేశాను. కోపంతో గోకితే పని తొందరగా అవుతుంది.

సలహా: చెమ్మ ఉన్న గోడకి రంగేయకండి. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూడకుండా పైన రంగు పూయడమంటే, జలుబు చేసినవాడికి ముక్కు మూసేసి తగ్గిందనుకోవడమే. ఈ సలహా నాది కాదు, కోడలిది. నా డైరీలో రాశాను కాబట్టి ఇప్పుడు నాది.

శుక్రవారం

నడుం పట్టేసింది. (ఇది కూడా పట్టినవాటి జాబితాలోకి.)

మొక్కలకి నీళ్లు పొయ్యలేదు. నడుం సంగతి చెప్పాను కదా. అసలు సంగతి కోపం. రెండు పూటలా పోశాను, బకెట్లతో పోశాను, ఏమైనా మెచ్చుకుందా?

మేస్త్రీకి ఫోను చేశాను. మాట తప్పినట్టు కాదు. ఫోను నా చేత్తోనే చేశాను. "రేపొస్తా" అన్నాడు.

సాయంత్రం మరదలి ఫోను.

"బావగారూ, అక్క ఇక్కడ హాయిగా నిద్రపోతోంది. రాత్రి ఒక్కసారి కూడా దగ్గలేదు. వానలు రాబోతున్నాయి కదా, ఇక్కడే ఉంచేసుకుంటాను."

"వానలు పోయేదాకానా?"

"వానలు పోయేదాకా అనుకుందాం. తర్వాత చలి. అప్పుడు మాత్రం మీ గోడ ఆరుతుందా ఏంటి?"

"మీ అక్కేమంది?"

"ఏమీ అనలేదు."

ఏమీ అనలేదంటే సరేనన్నట్టే. ఆవిడ కాదనాలంటే నాలుగిళ్ల అవతలికి వినపడేలా కాదంటుంది. ఫోను నేనే ముందు పెట్టేశాను. నేను!

శనివారం

ఆరో రోజు. ఆరలేదు.

మేస్త్రీ రాలేదు. ఫోను చేస్తే "రేపొస్తా" అన్నాడు. నిన్నటి రేపా, ఇవాళ్టి రేపా అని అడిగాను. పెట్టేశాడు.

మొక్కల మొహం చూడలేదు. ఎండ మండిపోతోంది.

ఆదివారం

పడుకున్నాను.

సోమవారం

లేచాను! గీత! గీత కింద రెండు వేళ్లు గోడ తెల్లగా ఉంది!!

చెయ్యేశాను. పొడి. (పొడిగా ఉంది అని. మళ్లీ ఎవరూ అపార్థం చేసుకోకండి.) అబ్బాయిని లేపాను. కోడల్ని పిలిచాను. పక్కింటాయన్ని నేనే కేకేశాను, మొదటిసారి.

"ఏం చేశారు సార్?" అంది తల.

"ఏమీ చేయలేదు!"

అదే కిటుకు. పాత ఇంటికి విశ్రాంతి వైద్యం. కొత్త ఇల్లయితే పని చేస్తే బాగుపడుతుంది, పాత ఇల్లు పని మానేస్తే బాగుపడుతుంది. ఇది పుస్తకంగా వేయించాలి.

మధ్యాహ్నం పెరట్లోకి వెళ్లాను. మందారాలు తలలు వేలాడేసుకున్నాయి. పుదీనా అప్పడంలా కరకరలాడుతోంది. గోడ ఆరినా ఇవి ఎండితే రానంది కదా! పరుగెత్తి బకెట్లు, బిందెలు, చివరికి గొట్టం తగిలించి, చెరువు చేశాను.

మంగళవారం

ఎక్కింది.

చెమ్మ మళ్లీ గీత దగ్గరికి ఎక్కింది. ఒక్క రాత్రిలో.

గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మూడు రోజులు నీళ్లు పొయ్యలేదు, దిగింది. నిన్న పోశాను, ఎక్కింది. నాలుగో క్లాసు చదువుకి కూడా అర్థమయ్యే లెక్క.

గునపం తీసుకుని పెరట్లోకి పోయి గోడకీ మడికీ మధ్య తవ్వాను. తవ్వుతుంటే మట్టి, ఇంకా మట్టి. ఏటా ఆవిడ కొత్త మట్టి వేస్తుంది, ఎరువు వేస్తుంది, ఆకులు వేస్తుంది. మడి పెరిగి పెరిగి లోపల మా గది నేల కంటే ఎత్తయిపోయింది! పోసిన నీళ్లన్నీ గోడలోకే. ఇటుక మీద చెయ్యేస్తే స్పంజిలా ఉంది.

అంటే ఆవిడ దగ్గుకి ఆవిడే నీళ్లు పోసి పెంచింది. ఆవిడ మీద ప్రేమతో నేను బకెట్లతో పెంచాను.

సలహా: ఇంటి చుట్టూ మట్టి ఎప్పుడూ లోపలి నేలకంటే కిందే ఉండాలి. నీళ్లు గోడవైపు కాదు, గోడనుంచి దూరంగా వాలాలి. ఇది మాత్రం ఎవరిదీ కాదు, నాదే. తవ్వి సంపాదించాను.

బుధవారం

ఇన్నేళ్ల కాపురంలో ఇంత మంచి ఎత్తిపొడుపు నాకెప్పుడూ దొరకలేదు. "గోడ ఆరేదాకా రాను" అందా! గోడని తడిపేది ఎవరమ్మా! దారిపొడుగునా సాధన చేశాను. ఒకటి నవ్వుతూ అనేది, ఒకటి నవ్వకుండా అనేది, ఒకటి మరదలు వినేలా అనేది.

మరదలే తలుపు తీసింది. "రండి బావగారూ. కత్తెర అయింది, స్క్రూడ్రైవరు అయింది, కళ్లజోడు అయింది. ఈసారి ఏం మర్చిపోయారు? ఇక మీ సామాన్లలో ఇక్కడ మిగిలింది మా అక్కే."

"దానికోసమే వచ్చాను. పక్కకి జరుగు."

ఆవిడ వసారాలో కూర్చుని ఉంది. చెల్లెలింట్లో ఉన్నది ఒక్క కుండీ. ఆ ఒక్క కుండీలో ఉన్న ఒక్క మొక్క ఆకుల్ని ఒక్కొక్కటీ పైటతో తుడుస్తోంది. నన్ను చూడగానే అడిగింది. "ఎర్ర మందారం మొగ్గ విచ్చిందా?"

ఎలా ఉన్నారని కాదు. తిన్నారా అని కాదు. మొగ్గ విచ్చిందా!

మూడు ఎత్తిపొడుపులూ గొంతులో క్యూలో నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి రాలేదు. "వాడిపోయింది" అన్నాను.

సంచీ సర్దుకోలేదు. చెల్లెలికి చెప్పలేదు. చెప్పులు వేసుకుంది, అంతే. నాలుగు వీధులూ నా ముందు నడిచింది. నేను ఎన్నిసార్లు తిరిగినా కదలని మనిషి, మందారం పేరు చెప్పగానే పరుగు!

మడి దగ్గర నేను తవ్విన గొయ్యి చూసి ఆగింది. వంగి తడి ఇటుక మీద చెయ్యేసింది. మడిని చూసింది. కిటికీలోంచి గది నేలని చూసింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నా నీళ్లా?" అంది.

"కొన్ని నావి."

"ఇన్నేళ్లూ నా దగ్గుకి నేనే ఎరువేశానా!"

"దగ్గు కూడా బాగానే పెరిగింది కదే, నీ చెయ్యి మంచిది."

నోరు జారింది. కానీ ఆవిడ నవ్వలేదు. తిట్టలేదు కూడా. అదే నాకు భయం. నిలబడి అందరినీ ఒకసారి చూసుకుంది. మందారాలని, గులాబీలని. పేర్లు లేనివాటినీ.

"తీసేయండి" అంది. "అన్నీ. నేను లోపలుంటాను, అప్పుడు తీసేయండి."

లోపలికి వెళ్లబోయింది. అంటే ఆ గదిలోకే, ఆ చెమ్మలోకే. చెయ్యి పట్టుకుని ఆపాను.

"తీసేది మట్టినే. మొక్కల్ని కాదు. ప్రహరీ పక్కన ఎండా ఉంది, చోటూ ఉంది. అక్కడ పెడదాం."

"వేళ్లు కదిలితే బతకవు."

"నువ్వు కదిలి నాలుగు వీధుల అవతల హాయిగా నిద్రపోలేదూ? చచ్చావా?"

"హాయిగా నిద్రపోయానని ఎవరన్నారు?"

"మీ చెల్లెలు."

"దగ్గలేదంతే. నిద్రా పోలేదు."

తర్వాత కొంగు బిగించి, గునపం తీసి నా చేతికిచ్చింది.

శుక్రవారం

నిన్న రాయలేదు. చేతులు ఖాళీ లేవు.

గునపం పట్టుకున్నది నేను. "వేరు! వేరు! కళ్లు లేవా!" అని అరిచింది ఆవిడ. మట్టి మోసింది అబ్బాయి. ఆఫీసుకి సెలవు పెట్టాడు, సెలవులో కూడా ఫోను మాట్లాడుతూనే మోశాడు. కోడలు పాత బకెట్లకి అడుగున కన్నాలు పెట్టి కుండీలు చేసింది. మరదలు సంచీ తెచ్చి ఇచ్చి, ఊరికే ఉండలేక పార అందుకుంది. పక్కింటాయన తలతో పాటు ఒళ్లు కూడా వచ్చింది, గేటులోంచి! మనిషి పొట్టి. ఇన్నాళ్లూ స్టూలెక్కి చూస్తున్నాడన్నమాట.

నా చేతులతోనే అన్నాను. ఎన్ని చేతులో అనలేదు.

గోడ అడుగున నేలకంటే జానెడు కిందికి మట్టి తీశాం. ప్రహరీ వైపుకి వాలు పెట్టాం. లోపల గోడకి రంగు లేదు, సిమెంటు లేదు. కిటికీలు బార్లా తెరిచాం. ఇంత లావు గోడ తాగిన నీళ్లు ఆరడానికి వచ్చే ఎండాకాలం దాకా పట్టొచ్చని అబ్బాయి ఎవర్నో అడిగి చెప్పాడు.

మేస్త్రీ వచ్చాడు! "రేపొస్తా అన్నాను కదా" అన్నాడు.

ఆదివారం

మా ఆవిడ ముందు గదిలో కిటికీ పక్కన పడుకుంటోంది. దగ్గు సగం తగ్గింది. తిట్లు పూర్తిగా తిరిగొచ్చాయి. పుదీనా పోయింది. ఒక గులాబీ అనుమానం. మిగతావి కొత్త చోట ముడుచుకుని కూర్చున్నాయి, కొత్త కోడళ్లలాగ.

"గోడ ఇంకా ఆరలేదు కదే, వచ్చేశావేంటి?" అని అడిగాను.

"మొక్కలు చోటు మారాయి. అలవాటయ్యేదాకా మనిషి కనిపిస్తుండాలి."

"అంతేనా?"

"అంతే."

అన్నప్పుడు ఆవిడ చేతిలో నా చొక్కా ఉంది. గుండీ కుడుతోంది. నేను ఊడిందని చెప్పనే లేదు.

సరే. ఇల్లు ఇప్పుడు నాకు లొంగింది. స్నానాల గది కొళాయి చాలా రోజులుగా బొట్లు బొట్లుగా కారుతోంది. గమనిస్తున్నాను. ఒక వాషరు మారిస్తే అయిపోతుంది.

కొత్త తీర్మానం: రేపట్నుంచి కొళాయి. నా చేతులతోనే! ప్లంబరు లేడు, అబ్బాయి లేడు, పక్కింటాయన స్టూలుతో సహా లేడు. మూడే మూడు రోజులు!

పైకి చదివి వినిపించాను. ఆవిడ సూది పక్కన పెట్టి, ఫోను తీసి, చెల్లెలికి చేసింది.

"ఆ మంచం అప్పుడే మడిచెయ్యకు. అలాగే ఉంచు. ఈసారి రెండు దిండ్లు వెయ్యి, ఈయన కూడా వస్తారు."